ప్రత్యర్థికి పెద్దపీటా?

అమెరికా అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిత్వం సాధించిన నాయకుడు, నిన్నటిదాకా తనతో తలపడిన ప్రత్యర్థినే ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకోవడం ఔదార్యమా, అవసరమా? ఓట్ల గణితమే ఇందుకు మూలమన్నది బహిరంగ రహస్యం. 1960లో కెనెడీ తనకు పోటీగా నిలిచిన జాన్సన్‌ను చేరదీసి, 24 ఎలక్టోరల్ ఓట్లున్న టెక్సాస్‌ను గెలుచుకున్నారు. తన ఆర్థిక విధానాన్ని క్షుద్రవిద్యతో పోల్చిన సీనియర్ జార్జి బుష్‌ను 1980లో రీగన్ అక్కున చేర్చుకుని విజయం సాధించారు. 2020లో హారిస్ విషయంలో బైడెన్ అనుసరించిందీ ఆ బాటే. అయితే ఈ లెక్క ప్రతిసారీ ఫలించదు. 2004లో కెర్రీ ఎంచుకున్న ఎడ్వర్డ్స్ సొంత రాష్ట్రమైన ఉత్తర కరోలినాను సైతం గెలిపించలేకపోయారు.

అసలు పరీక్ష ఎన్నికల అనంతరమే. అధ్యక్షుల మరణం వల్లనో రాజీనామా వల్లనో ఇంతవరకు తొమ్మిది మంది ఉపాధ్యక్షులు ఆ పీఠమెక్కారు. 1963లో కెనెడీ హత్యకు గురైనప్పుడు పాలనా పగ్గాలు చేపట్టిన జాన్సన్, మరుసటి ఏడాదే చరిత్రాత్మక పౌరహక్కుల చట్టాన్ని సాధించారు. టెక్సాస్ ఓట్ల కోసం ఆయనను తెచ్చినా, దేశానికి అక్కరకొచ్చింది సెనేట్‌లో ఆయన గడించిన అనుభవమే. కనుక, ప్రత్యర్థి కావడం అనర్హత కారాదు. ఓట్లు తేగలగడమొక్కటే అర్హతా కారాదు. రేపు దేశభారం మోయగలరా అన్నదే గీటురాయి కావాలి.