కంప్యూటర్ పక్కన ఆ లాంగ్‌బుక్ ఎందుకుంది?

ఆలమూరు నుంచి మండపేట వైపు వెళ్లినా, రావులపాలెం వైపు వెళ్లినా దారిలో ఏదో ఒక రైస్‌మిల్లు ఆఫీసో, ఎరువుల దుకాణమో, సొసైటీయో కనిపిస్తుంది. ఈసారి లోపలికి వెళ్లినప్పుడు బల్ల మీద ఏమున్నాయో చూడండి. కంప్యూటర్, ప్రింటర్ ఉంటాయి. చాలాచోట్ల వాటి పక్కనే అట్ట ఊడిన ఓ లాంగ్‌బుక్ కూడా ఉంటుంది. ఇదెందుకండీ అని అడిగితే ‘ముందు ఇందులో రాసుకుంటామండి, రద్దీ తగ్గాక సిస్టమ్‌లో కొడతాం’ అంటారు.

అంటే ఒకే పని రెండుసార్లు. డబ్బు పోసి సాఫ్ట్‌వేర్ కొన్న యజమాని ‘మావాళ్లకు కంప్యూటర్ రాదండి’ అంటారు. అమ్మినవాళ్లు ‘ట్రైనింగ్ ఇచ్చాం కదా’ అంటారు. ఈ రెండు మాటలూ నేను ఒప్పుకోను. ‘రాదు’ అనిపించుకున్న ఆ గుమస్తాగారే సాయంత్రం ఫోన్‌లో కరెంటు బిల్లు కట్టి, మనవరాలి ఫొటోలు వాట్సాప్‌లో పంపిస్తారు. ఆయనకు రానిది కంప్యూటర్ కాదు. ఆఫీసులోని తెర ఆయన పని చేసే పద్ధతిలో లేదు, అంతే. ఉద్యోగం కోసం చూస్తున్న మీకు ఈ తేడాలోనే ఒక దారి ఉంది.

ధాన్యం సంగతే తీసుకోండి. గోదావరి జిల్లాల్లో రైతు 75 కిలోల బస్తాల్లో లెక్క చెబుతాడు. 2025-26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. మన రైతు నోట మాత్రం అది ‘బస్తాకు 1,777’. తెర మీద క్వింటాళ్ల గడి ఒక్కటే ఉందనుకోండి. ‘43 బస్తాలు’ అని రైతు అనగానే గుమస్తా క్యాలిక్యులేటర్ తీసి, 32.25 అని తేల్చి కొట్టాలి. సీజన్‌లో రోజంతా ఇదే పని. కళ్లు మూతలు పడుతున్న వేళ ఒక్కసారి 43 అనే కొట్టేస్తే తేడా రూ.25 వేలు దాటుతుంది. ఆ భయంతోనే లాంగ్‌బుక్ బల్ల దిగదు. అంబాజీపేటలో కొబ్బరికాయకు వేలల్లో లెక్క, రావులపాలెంలో అరటికి గెలల్లో లెక్క. ఇక్కడ పెరిగిన మీకు ఇవి ఎవరూ నేర్పనక్కర్లేదు. ట్యాలీలో బస్తా అంటే 75 కిలోలు అని ఒక్కసారి యూనిట్ తయారుచేసి పెడితే ఆ క్యాలిక్యులేటర్‌తో పని ఉండదు. దానికి కోడింగ్ కూడా రానక్కర్లేదు. అడిగే మనిషి లేకే చాలాచోట్ల అది జరగలేదు.

ట్యాలీ పుట్టుకే ఇలాంటి చికాకు నుంచి. 1986లో బెంగళూరులో వ్యాపారం చేస్తున్న శ్యామ్‌సుందర్ గోయెంకాకు అప్పట్లో దొరికే అకౌంటింగ్ ప్రోగ్రాములు నచ్చలేదు. ఒక్కో ఖాతాకు ఒక్కో కోడ్ గుర్తుపెట్టుకోవాల్సిన రోజులవి. కోడ్‌ల గొడవ లేకుండా, ఖాతా పేరు పేరులాగే కొట్టేలా ఆయన కుమారుడు భరత్ గోయెంకా ప్రోగ్రాం రాశారు. చిట్టా ఆవర్జాలు రాసే గుమస్తా భయపడకుండా కూర్చోగలిగాడు కాబట్టే అది అంతలా పాకింది. 2020లో వచ్చిన ట్యాలీప్రైమ్‌లోనూ మెనూలన్నీ వెతక్కుండా కావాల్సినదాని పేరు కొట్టి అక్కడికి వెళ్లే ‘గో టు’ సదుపాయం పెట్టారు. జర్మనీ కంపెనీ శాప్ తీరు వేరు. అందులో కొనుగోలు ఆర్డరు వేయాలంటే ‘ఎంఈ21ఎన్’ అనే కోడ్ కొట్టాలి. అంతటి కంపెనీకీ తెరలు సులువు చేయక తప్పలేదు. 2013లో ‘ఫియోరి’ పేరుతో కొత్త తెరలు తెచ్చింది. (ఆ పాత కోడ్‌లు బట్టీ పట్టించడమే కోర్సు అనుకునే ఇన్‌స్టిట్యూట్లు ఇంకా ఉన్నాయి. ఫీజు కట్టేముందు చూసుకోండి.)

తెర సరిగా లేకపోతే ఎంత నష్టమో సిటీబ్యాంక్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదేమో. 2020 ఆగస్టులో రెవ్లాన్ అనే కాస్మెటిక్స్ కంపెనీ అప్పుకు సంబంధించి దాదాపు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపాలి. అసలు బయటికి పోకుండా ఉండాలంటే తెర మీద మూడు గడుల్లో టిక్ పెట్టాలి. పెట్టింది ఒక్క దాంట్లోనే. ‘ప్రిన్సిపల్’ అని రాసి ఉన్న గడి చూసి అది చాలనుకున్నారు. ముగ్గురు సరిచూశారు, ముగ్గురికీ సరిగానే కనిపించింది. దాదాపు 90 కోట్ల డాలర్లు వెళ్లిపోయాయి. వెనక్కివ్వని వాళ్ల మీద కేసు వేసి, మొదట ఓడి, 2022 సెప్టెంబరులో అప్పీలులో గానీ బ్యాంకు గెలవలేదు. ముగ్గురూ ఒకేలా పొరబడ్డారంటే మనుషుల్ని తిట్టి లాభమేముంది?

ఇప్పుడు మళ్లీ మన సొసైటీ దగ్గరికి వద్దాం. దేశంలోని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను రూ.2,516 కోట్లతో కంప్యూటరీకరించి, ఒకే ఉమ్మడి సాఫ్ట్‌వేర్ కిందకు తెచ్చే పథకానికి 2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. సాఫ్ట్‌వేర్ ప్రాంతీయ భాషల్లో ఉంటుందని, రాష్ట్రాల అవసరాలకు తగ్గట్టు మార్చుకునే వీలుంటుందని అప్పుడే చెప్పారు. మంచిదే. కానీ భాష మార్చినంత మాత్రాన తెర సులువైపోదు. ‘ప్రిన్సిపల్’కు డిక్షనరీ చూసి ‘మూలధనం’ అని పెడితే గుమస్తా ఆగిపోతాడు. సొసైటీలో దాన్ని ‘అసలు’ అంటారు. పంట రుణం రెన్యువల్‌ను ‘పునరుద్ధరణ’ అంటే రైతు బిత్తరపోతాడు. ఊళ్లో దాన్ని ‘లోను తిరగరాయడం’ అంటారు. హైదరాబాద్‌లో కూర్చున్న ఇంజినీరుకు ఈ మాటలు ఎవరు చెప్పాలి? బీకామ్ చదివి, తాతగారి వెంట సొసైటీకి వెళ్లొచ్చిన మీరు చెప్పగలరు.

సులువు చేయడమంటే గడులన్నీ పీకేయడం అనుకోకండి. ఆడిటర్‌కు కావాల్సినవి ఉండాల్సిందే. డబ్బు బయటికి వెళ్లేచోట ఒక అడ్డు ఎక్కువున్నా పర్లేదు. కాకపోతే ఆడిటర్‌కు ఏడాదికోసారి కావాల్సిన వివరం, కౌంటర్ ముందు రైతు నిలబడి ఉన్నప్పుడే అడగాలా? ఏ గడి ఎవరి కోసమో విడదీసి చెప్పగలిగితే మీరు సగం పని చేసినట్టే.

దీనికి ఉద్యోగాలు ఉంటాయా అని అడుగుతారు. ప్రకటనల్లో ఇంప్లిమెంటేషన్ ఎగ్జిక్యూటివ్, ఫంక్షనల్ కన్సల్టెంట్, బిజినెస్ అనలిస్ట్, సపోర్ట్ అని కనిపించేవన్నీ దాదాపు ఈ పనికి దగ్గరివే. మొదట్లో జీతం కోడింగ్ ఉద్యోగమంత ఉండకపోవచ్చు, తిరుగుడు మాత్రం ఉంటుంది. డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ ఎలాగూ చేయాలి. సీనియర్ల రిపోర్టు జిరాక్స్ తీసి ఇచ్చే బదులు ఆ రోజులు ఒక మిల్లులోనో, సొసైటీలోనో గడపండి. లాంగ్‌బుక్‌లో ఉండి సిస్టమ్‌లో లేనివేమిటో రాసుకోండి. ఒక బిల్లుకు ఎన్ని తెరలు మారాలో, ఎక్కడ పక్కవాళ్లను అడుగుతున్నారో లెక్కపెట్టండి. ఒక్క చిన్న మార్పు చేయించి, ముందు ఎన్ని నిమిషాలు పట్టేది, తర్వాత ఎన్ని పట్టిందో చూడండి. ఇంటర్వ్యూలో ‘నాకు ట్యాలీ వచ్చు’ అనేవాళ్లు వందమంది ఉంటారు. ఆ నిమిషాల కాగితం మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది.

వెళ్లేముందు ఫోన్ చేసి అనుమతి అడగండి. ఖాతాదారుల పేర్లు, అప్పులు బయట మాట్లాడకండి. అన్నట్టు, దాళ్వా కోతలప్పుడు మాత్రం వెళ్లకండి. కాటా దగ్గర లారీ ఆగి ఉండగా మీ ప్రశ్నలకు జవాబు చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.