బార్బెక్యూకి పెద్దకూర పనికిరాదా?

"బ్రిస్కెట్ మన దగ్గర దొరకదు కదా, దానికి బదులు ఏం వాడొచ్చు?" క్రిస్మస్ సెలవులు దగ్గరపడితే మన యువతలో వినిపించే ప్రశ్న ఇది. ఫోనులో టెక్సాస్ వీడియోలు చూస్తారు. యానాం దరియాలతిప్ప లాంటి చోట, గౌతమి గాలిలో ఒడ్డున నిప్పులు పేర్చుకోవాలని సరదా పడతారు. సరదా మంచిదే. ఆ "బదులు" అన్న మాటతోనే మాకు పేచీ.

బ్రిస్కెట్ అంటే ముందుకాళ్ళ మధ్య ఉండే రొమ్ము మాంసం. అది ప్రతి పశువుకూ ఉంటుంది. మన దగ్గర లేనిది ఆ వీడియోలోని పశువు. అక్కడ మొక్కజొన్న మేపి, కొవ్వు పట్టించి, రెండేళ్ళు నిండే లోపే కోసే కోడె అది. మనకు కొట్లో దొరికేది గేదె, దున్న, లేదంటే పని అయిపోయిన ఎద్దు. దీనికి పేదరికం ఒక్కటే కారణం కాదు, చట్టం కూడా. యానాం పుదుచ్చేరిలో భాగం కనుక అక్కడ 1968 నాటి చట్టం, చుట్టూ ఉన్న ఆంధ్రలో 1977 నాటి చట్టం. రెండూ ఆవునూ దూడనూ కోయనివ్వవు. ఆంధ్ర చట్టమైతే ఎద్దుకూ గేదెకూ కూడా, ఇక పాడికో దుక్కికో పనికిరాదన్న ధ్రువపత్రం అడుగుతుంది. అంటే మన మాంసం ముసలిదే అయి ఉండాలని కాగితం మీద రాసిపెట్టి ఉంది. తప్పిపోయిన కుమారుడి కోసం కోసిన కొవ్విన దూడ గురించి ఏటా ప్రసంగాలు వింటాం గాని, మన పొయ్యి మీదికి వచ్చేది ఏళ్ళ తరబడి పొలం దున్నిన కండ.

ఆ కండను వీడియోలో చూపినట్టు నేరుగా నిప్పుల మీద వేస్తే చెప్పు నమిలినట్టే ఉంటుంది. అది మాంసం తప్పు కాదు. జబ్బ గాని రొమ్ము గాని పెద్ద ముక్కగా అడిగి తీసుకోండి. ఉప్పు, మిరియాలు, అల్లం పట్టించి, కాసిని నీళ్ళతో మూతపెట్టి సన్నసెగన రెండు మూడు గంటలు మగ్గనివ్వండి. నిప్పుల మీదికి ఆ తర్వాతే, రంగుకీ పొగ వాసనకీ. అంత ఓపిక లేకపోతే వెన్నెముకకు లోపలివైపు ఆనుకుని ఉండే మెత్తని మాంసం అడగండి. హోటళ్ళవాళ్ళు అండర్‌కట్ అనేది దాన్నే. నారకు అడ్డంగా పల్చగా కోసి, పచ్చి బొప్పాయి ముద్ద కొంచెమే రాసి గంటసేపు ఉంచితే చాలు. ఎక్కువ రాస్తే పిండి పిండి అయిపోతుంది. గేదె మాంసంలో కొవ్వు తక్కువ. అందుకని కొవ్వు ముక్కలు వేరే తెచ్చుకుని చువ్వకు మధ్యమధ్యలో గుచ్చండి. గుండెకాయను వదిలేయకండి. పెరూ దేశంలో దాన్ని చువ్వలకు గుచ్చి కాల్చి వీధుల్లో అమ్ముతారు. నిప్పులకు కొబ్బరి చిప్పలు బాగుంటాయి. మడకట్టె మాత్రం నరకొద్దు. 1996 నవంబరు తుఫాను చూసిన వాళ్ళను అడిగితే మడ అడవి విలువ ఏమిటో చెబుతారు.

ఇప్పుడు ఇంకో సంగతి. బ్రెజిల్ బార్బెక్యూ హోటళ్ళలో "కుపిం" అనే ముక్కకు మంచి గిరాకీ ఉంది. గంటల తరబడి సన్నసెగన కాల్చి, పల్చగా కోసి వడ్డిస్తారు. అది ఎద్దు మూపురం. అక్కడి మాంసం పశువుల్లో ఎక్కువ భాగం నెలోర్ జాతివి. ఆ పేరు మన నెల్లూరుదే, ఆ జాతికి మూలం మన ఒంగోలు పశువులే. మన గిత్త సముద్రం దాటి వెళ్తే దాని మూపురానికి విదేశీ పేరూ గౌరవమూ వచ్చాయి. ఇక్కడ అదే ముక్క తిన్నవాడికి వచ్చిన పేరేమిటో మన పేటల్లో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఫహీటా కథ కూడా ఇలాంటిదే. టెక్సాస్ పశువుల దొడ్లలో పనిచేసిన మెక్సికన్ కూలీలకు, యజమానులు వద్దనుకున్న తలకాయ, పేగులు, పొట్ట దగ్గరి పొర మాంసం కూలి కింద ఇచ్చేవారు. ఆ పొరనే వాళ్ళు నిప్పుల మీద కాల్చి రొట్టెలో చుట్టుకు తిన్నారు. ఈనాడు అది ఖరీదైన వంటకం. మన అమ్మమ్మలు మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ రాసి, దండెం మీద ఎండేసి, ఆ తునకలను నిప్పుల మీద కాల్చి పెట్టారు. దాన్ని బార్బెక్యూ అనడానికి మనకు నోరు రాలేదు.

దరియాలతిప్పలో చేపల సంగతి అడిగి చూడండి. పులసలో ఏ ముక్క పులుసుకు, ఏ ముక్క ఎవరి కంచంలోకి అన్నది పిల్లలు కూడా చెప్పేస్తారు. పెద్దకూర కొట్టు దగ్గర మాత్రం తల దించుకుని "ఒక కేజీ ఇవ్వు" అని నల్ల సంచిలో వేయించుకుని వచ్చేస్తాం. ముక్క పేరు అడగని వాడికి కొట్టతను ఏది చేతికొస్తే అది వేస్తాడు. సిగ్గు వల్ల నష్టం ముందు వంటకే.

ఆ సిగ్గు వెనక భయం ఉందని మాకు తెలుసు. 2016 ఆగస్టులో, గౌతమికి ఆవల అమలాపురం దగ్గర, కరెంటు షాకుతో చనిపోయిన ఆవు చర్మం వొలుస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ములను చెట్టుకు కట్టి కొట్టారు. ఉనా జరిగి అప్పటికి నెల కూడా కాలేదు. అందుకే, చట్టానికి లోబడిన మాంసమే, నమ్మకమైన కొట్టు నుంచే తెచ్చుకోండని మా మాట. పాత కోపాలతో ఎవరినో రెచ్చగొట్టడానికి వీడియోలు పెట్టకండి. కానీ దాచుకుని తినాల్సిన అవసరం కూడా మనకు లేదు.

బయటివాళ్ళ సంగతి అలా ఉంచి, మన సంఘాల్లోనే చూద్దాం. పేటలో ప్రతి ఇంటా వండుకునే కూర, ఆరాధన తర్వాత జరిగే ప్రేమవిందులో కనబడదు. "అందరూ వస్తారు కదా" అంటారు. ఆ అందరిలో ఎవరి నాలుక లెక్కకు వచ్చింది, ఎవరిది రాలేదు? కటికవాని అంగడిలో అమ్మేది ఏదైనా మనస్సాక్షి కోసం ఆరా తీయకుండా తినమని పౌలు కొరింథీయులకు రాశాడు. ఎదుటివాడికి అభ్యంతరం కలిగితే ఆగమని కూడా అక్కడే రాశాడు. రెండో మాటను మన పెద్దలు బాగా గుర్తు పెట్టుకున్నారు.

కాబట్టి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ డిసెంబరులో ఒడ్డున నిప్పులు రాజేసేటప్పుడు యూత్ కమిటీ రాసే సరుకుల చీటీలో "జబ్బ, 5 కేజీలు" అని రాయండి. తినని వాళ్ళకు వేరే గిన్నె, వేరే చువ్వలు పెట్టండి. దరియాలతిప్పలో వాళ్ళకు చేపకేం కొదవ?