బండలు తప్ప ఏమీ లేవా?

"మన ఊర్లో ఏముందన్నా, బండలు తప్ప!"

పోయిన వార్షికోత్సవానికి నల్లమాడ వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు నాతో అన్న మాట ఇది. సంక్రాంతి సెలవుల్లో వాళ్ళ మామ ఫోనులో మైన్‌క్రాఫ్ట్ ఆట ఆడాడట. అందులో రాళ్ళ మీద పచ్చగా నాచు పట్టి ఉంటుంది. "ఆటలో రాళ్ళు కూడా పచ్చగా ఉంటాయి, మన గుట్టలకు ఆ యోగం లేదు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. హాస్టల్లో ఉన్నన్నాళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. చదువుకునే పిల్లలు పుట్టిన నేలను తక్కువగా చూడటం మంచిది కాదు. పైగా ఈ విషయంలో అది నిజం కూడా కాదు.

ముందు ఆట సంగతి చూద్దాం. మైన్‌క్రాఫ్ట్‌లో నాచు పట్టిన రాయి పాడుబడిన నేలమాళిగల్లో కనిపిస్తుంది. అంటే "ఇది పాతది" అని చెప్పడానికి అదొక గుర్తు. 2021లో ఆ ఆటలో నాచు దిమ్మెలు కూడా చేర్చారు. దిమ్మె మీద ఎముకల పొడి చల్లితే చుట్టుపక్కల రాళ్ళు క్షణంలో నాచుగా మారిపోతాయి. ఇంకా చాలా ఆటల్లో, రాయికి ఆకాశం వైపు తిరిగిన భాగమంతా పచ్చగా చూపించమని కంప్యూటరుకు ఒక సూత్రం ఇస్తారు. చూడటానికి బాగుంటుంది. కానీ మన ఎండకు గుండు నెత్తిన నాచు నిలవదు. అది నెర్రెల్లో, నీడ పట్టున దాక్కుంటుంది.

కారణం మన బయాలజీ పుస్తకంలోనే ఉంది. నాచు మొక్కకు నిజమైన వేర్లు లేవు, నీళ్ళు మోసే నాళాలు లేవు. ఒంటితోనే నీళ్ళు పీల్చుకుంటుంది. సంతానం కలగాలన్నా నీటి తడి ఉండాల్సిందే. అందుకే ఈ జాతిని మొక్కల్లో ఉభయచరాలు అంటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మన అనంతపురం గడ్డ మీద అది ఎలా బతుకుతుంది? ఎండిపోయి బతుకుతుంది. నీళ్ళు లేనప్పుడు పని ఆపి ముడుచుకుంటుంది, తడి తగలగానే మళ్ళీ మొదలుపెడుతుంది. అంటార్కిటికా మంచులో 1,500 ఏళ్ళకు పైగా గడ్డకట్టి ఉన్న నాచు మళ్ళీ చిగురించిందని 2014లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు.

మరునాడు పొద్దున ఆ తమ్ముణ్ణి గుట్ట దగ్గరికి తీసుకుపోయాను. నెర్రెలో నల్లగా, మాడిన గడ్డిలా ఉన్న ముద్ద మీద బాటిల్లో నీళ్ళు పోయమన్నాను. కాసేపటికే అది విచ్చుకుని పచ్చబడింది. "అన్నా, ఇది చావలేదా!" అన్నాడు. గంటసేపు అక్కడి నుంచి కదల్లేదు.

అప్పుడు మిగతావీ చూపించాను. గుండ్ల మీద బూడిద రంగు, పసుపు రంగు మచ్చలుంటాయి కదా, అవి రాతి రంగు కాదు. లైకెన్లు. శైవలం, శిలీంధ్రం కలిసి చేసే కాపురం. మాంసం కూర మసాలాలో వేసే రాతిపువ్వు కూడా వీటి జాతిదే. వాన నీళ్ళు జారిన దారిలో పడే నల్లటి చారలు చాలావరకు కంటికి కనిపించనంత చిన్న జీవులు పేరుకున్నవే. రాయిని అంటిపెట్టుకునే లైకెన్లు చాలావరకు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. అవి వదిలే ఆమ్లాలు రాతిని కొంచెం కొంచెం కరిగిస్తాయి. నాచు దుమ్మును పట్టి ఉంచుతుంది. ఆ చారెడు మన్నులోనే గడ్డి గింజ మొలుస్తుంది. మన మేకలు మేసే గుట్టకు మొదటి సేద్యం చేసింది ఇవే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పదో తరగతి అయిపోయిన రోజు నేనూ, నా స్నేహితులూ ఒక గుండు మీద పెయింటుతో పేర్లు రాశాం. కింద ఎన్ని ఏళ్ళ పెరుగుదల ఉందో అప్పుడు తెలియదు. తెలిసిన మీరు ఆ పని చేయకండి. గుండ్ల పక్కన మంట పెట్టకండి.

"దీనివల్ల మార్కులు వస్తాయా?" అని కొందరు అడగవచ్చు. ఇంటర్ బైపీసీలో చేరితే బ్రయోఫైటా పాఠం ఎలాగూ చదవాలి. కంటితో చూసినవాడికి ఆ పాఠం బట్టీ పట్టే పని ఉండదు. ఏటా వానలు పడ్డ మొదటి ఆదివారం పిల్లల్ని గుట్ట మీదికి తీసుకుపోవాలని వార్డెన్ గారినీ, ఉపాధ్యాయులనూ కోరుతున్నాను. ఒక భూతద్దం ఉంటే చాలు. అది కొనివ్వడం పూర్వ విద్యార్థులమైన మాకు భారం కాదు.

తమ్ముళ్ళారా, ఆటలు ఆడుకోండి, వద్దనను. కానీ ఆ ఆట తయారుచేసినవాడు కూడా ముందు ఎక్కడో ఒక నిజమైన రాయిని శ్రద్ధగా చూసే ఉంటాడు. మన దగ్గర అలాంటి రాళ్ళకు కొదవలేదు.

– ఒక పూర్వ విద్యార్థి