ఆపదకు ముందే కుదిరిన ఒడంబడిక

వరద వచ్చెనన్న వార్త చెవిని బడినంతనే మన గృహములందు మొట్టమొదట జరుగు పని యేది? పెట్టె తెరచి, కట్టి విడిచిన చీరలు మూటగట్టుట. 2024 సెప్టెంబరు 1వ తేదీ వానలకు మా సూర్యాపేట జిల్లాలోని కోదాడలోను, పొరుగున ఖమ్మములోను ఇండ్లలోనికి నీరు చొచ్చినపుడును ఆత్మకూరు (ఎస్) గృహిణులకు మొదట తోచినది ఈ మూటయే. ఈ జాలి మెచ్చదగినదే. అయినను జాలి యొక్కటియే చాలదని 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ నేర్పినది. నాడు తమిళనాటి తీరమునకు పంపబడిన పాతబట్టలు ఎవరికిని పనికిరాక త్రోవల ప్రక్కన కుప్పలు పడెను. బెస్తవారి స్త్రీలకు కావలసిన దొకటి, చేరిన దొకటి.

కావున సోదరీమణులారా, ఆపదయందు సాయము సరిగా చేరుటకు ఎట్టి యేర్పాటు వలయునో ఈ మాసము విచారింతము. క్రైస్తవ సంఘముల కూటములు దీనికి మంచి యుదాహరణము. 1947లో దేశవిభజనచే నిలువనీడ లేక వచ్చిన శరణార్థుల కొరకు పుట్టిన సంస్థ ‘కాసా’. ప్రొటెస్టెంటు, ఆర్థడాక్సు మార్గములకు చెందిన 24 సంఘములు వేరువేరుగా కాక, ఈ యొక్క చేతిమీదుగా సాయము చేయుచున్నవి. కథోలికులకు 1962లో ఏర్పడిన కారితాస్ ఇండియా కలదు. ప్రపంచ చర్చిల మండలియు, లూథరన్ ప్రపంచ సమాఖ్యయు కలసి 1995లో ఒక యుమ్మడి సహాయసంస్థను నెలకొల్పగా, అది 2010లో ‘యాక్ట్ అలయన్స్’ అను పేర విస్తరించినది. దాని కార్యస్థానము జెనీవా నగరము. కాసా అందులో నొక సభ్యురాలు.

ఇది పనిచేయు తీరు, పెద్ద కుటుంబమున పెండ్లిపనులు పంచుకొనుటవంటిది. ఆపద సంభవించిన చోట నున్న సభ్యసంస్థ మొదట గ్రామములు తిరిగి, ఎవరికేమి కొరతయో వ్రాసికొనును. పిదప ఎంతమందికి, ఏ వస్తువు, ఎంత వ్యయము అని లెక్కగట్టి జెనీవాకు విన్నపము పంపును. ఆ యొక్క విన్నపమే అన్ని దేశముల సభ్యులకును చేరును. ఎవరి శక్తికొలది వారిత్తురు. చిన్న యాపదలకు ఇంత జాగు పనికిరాదు గనుక, వానికై కొంత ధనము ముందే నిలువ యుంచబడును. ఊరెరుగనివారు బండ్లు తోలుకొని వచ్చి, ఒకే వీధిలో నాలుగుమారులు పంచి, ప్రక్కవీధిని మరచుట ఇందువలన తగ్గును.

1977 నవంబరు 19వ తేదీ దివిసీమ యుప్పెనను మన పెద్దలు నేటికిని మరువలేదు. ప్రభుత్వపు లెక్కయే సుమారు 10,000 ప్రాణములు. కూడు, గుడ్డ పంచుటతో సరిపెట్టక, పిదప తీరమునందు తుపాను రక్షణగృహములు కట్టినవారిలో కాసావారును గలరు. 1990 మే నెలలో పెనుతుపాను వచ్చినపుడు ప్రభుత్వము లక్షలాది జనులను ముందుగానే తరలించినది. ప్రాణనష్టము సుమారు వేయి. అదియు దుఃఖమే, కాని 1977తో పోల్చి చూడుడు. తలదాచుకొన గట్టి గోడలు ముందే లేనిచో ఎచ్చరిక విని జను లెక్కడికి పోగలరు?

పంచుటకును ఒక కొలత గలదు. రెడ్‌క్రాసువారును, స్వచ్ఛంద సంస్థలును 1997లో ‘స్ఫియర్’ అను పేర నారంభించిన నియమములలో, మనిషికి దినమునకు 15 లీటర్ల నీరు, శిబిరములందు 20 మందికొక మరుగుదొడ్డి అని యున్నది. అది ఎచ్చట కట్టవలెనో స్త్రీల నడిగి నిర్ణయింపవలెను. తలుపునకు లోపలి గడియ యుండవలెను. నెలసరికి వలసిన గుడ్డలును ఈయవలెను. సిగ్గుచే స్త్రీ నోరువిప్పి యడుగనిది ఆ పట్టికలోనే యుండుట మేలుగదా!

అన్నమిడి మతము మార్తురన్న శంక పాతది. 1876–78 కరవునాట ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషను అధికారి జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకమున కొంతభాగము గుత్తకు గొని, వేలమందికి కూలి కల్పించెను. కూటికై యెవరును మతమున చేరరాదని కరవు తీరువరకు బాప్తిస్మము లాపెను. 1878లో తిరిగి మొదలిడగా వేలమంది చేరిరి, శంకయు మిగిలెను. ఇట్టి శంకకు తావీయకుండుటకే 1994లో రెడ్‌క్రాసుతోపాటు ప్రపంచ చర్చిల మండలి, లూథరన్ సమాఖ్య, కారితాస్ మొదలగు సంస్థలు ఒక నియమావళి నేర్పరచినవి. అవసరమే కొలత, జాతిమతములు కావు. సాయమును మతప్రచారమునకు వాడరాదు అని దాని సారము. భాగవతమున రంతిదేవుడు నలువదెనిమిది దినములు పస్తుండియు, వచ్చినవారి కులమడుగక తన కూడును నీరును ఇచ్చివేసెను. ఈ ధర్మము మనకు క్రొత్తది కాదు. ఈ నియమము పాటింపబడుచున్నదా యని చూచుకొను హక్కు పుచ్చుకొనువారికిని గలదు.

ఇక మన గ్రామమున చేయదగిన దేమి? బడి తాళముచెవి రాత్రివేళ ఎవరియొద్ద నుండును? ఏ యింట గర్భిణి, ఏ యింట మంచముపట్టిన వృద్ధురాలు గలరు? ఎవరి పడవ, ఎవరి ట్రాక్టరు వచ్చును? వానకాలమునకు ముందే అన్ని వాడలనుండియు ఇద్దరేసి స్త్రీలు కూర్చుండి ఈ ప్రశ్నలకు బదులు వ్రాసి, పంచాయతీ కార్యాలయమున నొక ప్రతి యుంచవలెను. చీరల మూట కట్టుటకు ముందు, అక్కడివారికి కావలసిన దేమో యడిగి తెలిసికొనుట మరువకుడు.