హృదయ స్పందనలో విరామము - మన కర్తవ్యము

"గుండె ఆగినంత పని అయింది" అని మనము మాటవరుసకు అంటూ ఉంటాము. పరీక్షా ఫలితములు చూడబోయే విద్యార్థి నోటను, అర్ధరాత్రి తలుపు చప్పుడు విన్న గృహిణి నోటను ఈ మాటే వస్తుంది. కాని మాటవరుసకు గాక నిజముగానే కొందరి గుండె కొన్ని సెకండ్లు ఆగి, మరల నడచుట కలదు. ఆ కొద్దిపాటి విరామము ఒకరిలో ఏ హానీ చేయదు. మరొకరిలో ప్రాణము మీదికి తెస్తుంది. ఈ రెండింటికి గల భేదము తెలియకపోవుట వలన మన సంఘములో అనవసరమైన భయమును, ప్రమాదకరమైన నిర్లక్ష్యమును ప్రక్కప్రక్కనే నివసిస్తున్నవి. మేము వైద్యులము కాము. జీవశాస్త్రము చదువుకొన్నవారము మాత్రమే. అయినను ఈ విషయము వైద్యులకే వదలివేయదగినది కాదని మా అభిప్రాయము.

ఈ అభిప్రాయము మాకు పుస్తకముల వలన కలుగలేదు. మా వీధిలో ఒక వృద్ధమాత ఉండేది. ఆమెను మేమందరము ఖాలాజాన్ అని పిలిచేవారము. ఉన్నట్టుండి ఆమె ముఖము పాలిపోయి, నేలకు ఒరిగి, కాలుసేతులు కొట్టుకొనేది. అర నిమిషములో ముఖము ఎర్రబడి, కన్నులు తెరచి, "నాకేమైంది?" అని అడిగేది. చుట్టుప్రక్కలవారు పరుగున వచ్చి చేతిలో ఇనుప తాళపుచెవుల గుత్తి పెట్టేవారు. కొందరు గాలి సోకినదన్నారు. కొందరు దిష్టి తీశారు. ఒక వైద్యుడు మూర్ఛవ్యాధి అని నిర్ణయించి రెండేండ్లు మాత్రలు మ్రింగించాడు. కడకు ఒకనాడు వేరొక వైద్యుని ఎదుటనే ఆమె పడిపోగా, ఆయన తాళపుచెవులు వెదకలేదు. ఆమె మణికట్టు పట్టుకొన్నాడు. నాడి లేదు. కొన్ని సెకండ్ల తరువాత మరల వచ్చింది. రోగము మెదడులో లేదు, గుండెలో ఉన్నదని ఆ క్షణముననే తేలిపోయింది. రెండేండ్లలో ఎందరో ఆమె చేయి పట్టుకొన్నారు గాని నాడి చూచినవారు ఒక్కరును లేరు!

గుండె తనంతట తాను కొట్టుకొనే యంత్రము. దాని కుడి పైగదిలో ఒక చిన్న కణసమూహము ఉన్నది. 1907లో కీత్, ఫ్లాక్ అను శాస్త్రజ్ఞులు దానిని వర్ణించారు. దానికి సైనస్ నోడ్ అని పేరు. అక్కడ పుట్టిన విద్యుత్ ప్రేరణ పైగదులలో వ్యాపించి, మధ్యనున్న మరొక కేంద్రము ద్వారా క్రిందిగదులకు చేరుతుంది. అప్పుడు గుండె ముడుచుకొని రక్తమును నెట్టుతుంది. ఈ విధముగా నిమిషమునకు 60 నుండి 100 సార్లు, దినమునకు సుమారు లక్ష సార్లు జరుగుతుంది. ప్రేరణ పుట్టకపోయినను, పుట్టినది దారిలో నిలిచిపోయినను స్పందనలో విరామము ఏర్పడుతుంది. దీపస్తంభము వెలుగకపోవుటకు విద్యుత్తు ఉత్పత్తి కాకపోవుట ఒక కారణము, తీగ తెగుట మరొక కారణము అయినట్లే ఇదియును.

ముందుగా భయము పోగొట్టవలసినవారి మాట చెప్పుకొందాము. "నా గుండె ఒక దెబ్బ తప్పింది" అని కంగారుపడేవారిలో చాలమందికి జరిగేది వేరు. ఒక దెబ్బ కొంచెము ముందుగా వస్తుంది. దాని వెనుక కొంచెము ఎడము ఉంటుంది. ఆ తరువాతి దెబ్బ బలముగా తగులుతుంది. గుండె ఇతరత్రా ఆరోగ్యముగా ఉన్నవారిలో ఇది సాధారణముగా ప్రమాదము కాదు. నిద్ర చాలకపోవుట, ఆందోళన, పొగ త్రాగుట దీనిని పెంచవచ్చును. గాఢనిద్రలోను, వ్యాయామము బాగా చేసిన క్రీడాకారులలోను స్వల్ప విరామములు సహజములే. ఎండలో చాలసేపు కదలక నిలబడినప్పుడు, రక్తము చూచినప్పుడు, తీవ్రమైన నొప్పి కలిగినప్పుడు వేగస్ అను నాడి గుండెను అదిమిపెట్టగా, రక్తపు పోటు పడిపోయి కొందరు యువతీయువకులు సొమ్మసిల్లుతారు. వారిని వెల్లకిల పరుండబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచినచో త్వరలోనే తేరుకొంటారు. తగినంత నీరు త్రాగుట, తల తిరుగుట మొదలుకాగానే కూర్చుండుట లేక పరుండుట వీరికి మంచి మందు.

ఇక నిర్లక్ష్యము చేయరాని కారణములు. వయస్సు పైబడిన కొలది సైనస్ నోడ్ చుట్టును, ప్రేరణ నడచే దారిలోను నార కణజాలము పేరుకొని స్పందన మందగిస్తుంది. గుండెపోటు వలన ఆ దారికి రక్తము అందకపోవచ్చును. థైరాయిడ్ గ్రంథి మాంద్యము, రక్తములో పొటాషియము అధికమగుట, నిద్రలో శ్వాస ఆగుచుండు వ్యాధి కూడ కారణములు కావచ్చును. రక్తపు పోటుకు, గుండె దడకు ఇచ్చే కొన్ని మందులు, ముఖ్యముగా బీటా బ్లాకర్లు, వెరపమిల్, డిగాక్సిన్, మోతాదు మించినచో గుండెను అతిగా నెమ్మదింపజేస్తవి. మన పెరటిలో పూచే పచ్చగన్నేరు సంగతి ప్రతి తల్లి గుర్తుంచుకోవలెను. దాని గింజలలోని విషము డిగాక్సిన్ జాతికి చెందినది. గుండెలో ప్రేరణ నడచే దారినే మూసివేస్తుంది. పిల్లలు దానిని నోట పెట్టుకొన్నచో గృహవైద్యములు చేయుచు కాలము గడపక తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

మెదడుకు రక్తము పది సెకండ్లు అందకపోయినచో మనిషి స్పృహ తప్పుతాడు. ఒక్కొక్కప్పుడు కాలుసేతులు కూడ కొట్టుకొంటవి. దీనిని చూచి మూర్ఛవ్యాధి అని భ్రమపడుట ఈనాటిది కాదు. డబ్లిన్ నగర వైద్యులు రాబర్ట్ ఆడమ్స్ 1827లోను, విలియం స్టోక్స్ 1846లోను ఇట్టి రోగులను వర్ణించి, నెమ్మదించిన నాడికి, ఈ స్పృహ తప్పుటకు గల సంబంధమును ఎత్తిచూపారు. మన హకీములు నబ్జ్ అన్నను, వైద్యులు నాడి అన్నను వ్రేళ్ళు నిలిచేది మణికట్టు మీదనే. ఇంత పురాతనమైన విద్యను ఇంటింట మరచిపోయినవారము మనమే.

వ్యాధి నిర్ణయమునకు ఇ.సి.జి. మొదటి సాధనము. కాని విరామము వచ్చిన వేళనే అది తీయబడకపోవచ్చును. అందువలన 24 గంటలు లేక అంతకు మించి గుండె నడకను వ్రాసుకొనే హోల్టర్ పరికరమును రోగి వెంట కట్టి పంపుతారు. ఒక్క ఇ.సి.జి. బాగున్నదని నిశ్చింతగా ఉండరాదు. మెలకువలో మూడు సెకండ్లకు మించిన విరామము, అందునను స్పృహ తప్పుటతో కూడినది, నిపుణుని పరీక్షకు తగినది.

చికిత్స కారణమును బట్టి ఉంటుంది. మందు కారణమైనచో వైద్యుని సలహాతో దానిని మార్చుట లేక మానుట, థైరాయిడ్ లోపమైనచో దానిని సరిదిద్దుట చాలును. అత్యవసర సమయమున అట్రోపిన్ సూదిమందు, తాత్కాలిక పేస్‌మేకరు ఆదుకొంటవి. కారణము తొలగనిదైనచో శాశ్వత పేస్‌మేకరు అమర్చుతారు. 1958 అక్టోబరు 8న స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో సెన్నింగ్ అను శస్త్రవైద్యుడు, ఎల్మ్‌క్విస్ట్ అను ఇంజనీరు తయారుచేసిన పరికరమును ఆర్నే లార్సన్ అను రోగి శరీరములో మొట్టమొదటిసారి అమర్చాడు. అది కొన్ని గంటలే పనిచేసింది. అయినను ఒకదాని వెంట ఒకటిగా ఇరువదికి పైగా పరికరములు మార్చుకొనుచు లార్సన్ 2001 వరకు, తన 86వ ఏట వరకు జీవించాడు. తన ప్రాణము నిలిపిన వైద్యునికంటె, ఇంజనీరుకంటె ఎక్కువ కాలము జీవించుట విశేషము. మా ఖాలాజాన్ కూడ పేస్‌మేకరు తరువాత తొమ్మిదేండ్లు బ్రతికి మనుమరాండ్ర పెండ్లిండ్లు చూచింది. వెల సామాన్యునికి భారమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకముల సంగతి ఆసుపత్రిలో అడిగి తెలుసుకొనుట పేదల హక్కు. అడిగించుట చదువుకొన్నవారి విధి.

మా వాదన యొక్క సారాంశము ఇది. మన కళాశాలలో ఎవరైనను స్పృహ తప్పినచో "టిఫిను తినలేదు" అనియో, ఆడపిల్ల అయినచో "నటన" అనియో తీర్పు చెప్పుట మానవలెను. అంతకంటె ఘోరము, ఒక్కసారి పడిపోయిన బాలికకు మూర్ఛరోగి అని ముద్రవేసి, ఆ మాట పెండ్లి సంబంధముల వరకు మోసుకొనిపోవుట. ఆ భయముతోనే తల్లిదండ్రులు రోగమును దాచుతారు. దాచిన రోగమునకు చికిత్స లేదు. మూర్ఛవ్యాధి కూడ సిగ్గుపడదగినది కాదు. అదియును మందులకు లొంగేదే.

కావున మేము కోరేది మూడే కోరికలు. నాడి చూచుట ప్రతి విద్యార్థికి నేర్పవలెను. గడియారము, మూడు వ్రేళ్ళు తప్ప దానికి ఖర్చు లేదు. స్పృహ తప్పినవారికి, కుటుంబములో చిన్నవయస్సున హఠాన్మరణములు సంభవించినవారికి ఇ.సి.జి. తీయించుటకు కళాశాల ఏర్పాటు చేయవలెను. ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. దళములకు ఛాతీ అదిమి ప్రాణము నిలిపే పద్ధతి నేర్పవలెను. పడినవాడు పిలిచినను పలుకక, ఊపిరి తీయక ఉన్నచో 108కి కబురు చేసి, రొమ్ము నడుమ నిమిషమునకు 100 నుండి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతున అదుముచుండవలెను. తాళపుచెవులు వెదకుటకు పట్టే కాలములో ఒక ప్రాణము నిలుపవచ్చును.

రేపు మన ప్రార్థనా సమావేశములో ఒక సహాధ్యాయి నేలకు ఒరిగినచో గుంపుగా మూగి గాలి ఆపవద్దు. ఒకరు ముందుకు వచ్చి అతని మణికట్టు పట్టుకొనండి. ఆ పట్టుకొన్న చేయి ఈ కళాశాలలో చదివిన చేయి అయినచో మన చదువు సార్థకమైనట్లే.