ముందు ఖర్చు తేల్చండి, ఊరు తర్వాత

దసరా సెలవులకూ సంక్రాంతి సెలవులకూ మధ్య ప్రైవేటు బడుల్లో టూర్ల సీజను నడుస్తుంది. పిల్లల డైరీలో ఒక సర్క్యులర్ అంటించి వస్తుంది, లేదంటే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పడుతుంది. మూడు రాత్రులు, నాలుగు పగళ్లు. ఊటీయో, గోవాయో, ఢిల్లీ-ఆగ్రాయో. తలకి ఇంత అని ఒక అంకె, ఫలానా తేదీలోగా కట్టాలన్న గడువు, కట్టిన సొమ్ము ఎట్టి పరిస్థితుల్లోనూ వెనక్కి రాదన్న హెచ్చరిక, చేతి ఖర్చులకు విడిగా ఇచ్చి పంపమన్న సూచన. అడుగున, రావడం రాకపోవడం మీ ఇష్టమని ఓ ముక్క. ఆ ముక్కతో తన బాధ్యత తీరిపోయిందని యాజమాన్యం అనుకుంటుంది. డబ్బున్న ఇంట్లో అది నిజంగానే ఇష్టాయిష్టాల సంగతి. లేని ఇంట్లో మాత్రం, ఈ నెల చిట్టీ కట్టాలా, అద్దె కట్టాలా, టూరుకి కట్టాలా అన్న తగువు.

ఆరు వేల రూపాయల టూరు అనుకుందాం. ఈ రోజుల్లో అదేమంత ఖరీదైనది కాదు. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఆ టూరు దాదాపు ఇరవై రోజుల కూలి. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం కింద ఒక బిడ్డకు ఏడాదికి తల్లి ఖాతాలో పడేది 13 వేలు. అందులో సగానికి కాస్త తక్కువ నాలుగు రోజుల్లో అయిపోతుంది. కూలి చేసుకునేవాళ్ల పిల్లలు ప్రైవేటు బడిలో ఎందుకుంటారని అడగొచ్చు. ఉంటున్నారు. తెలంగాణలో బడికెళ్లే పిల్లల్లో సగానికి పైగా ప్రైవేటు బడుల్లోనే చదువుతున్నారు. వాళ్లంతా కలవారి బిడ్డలు కాదు. ఆటో నడిపేవాళ్లు, టైలర్లు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లు అప్పో సప్పో చేసి ఫీజు కడుతున్నారు. ఆ ఇంటి పిల్ల టూరుకి డబ్బు లేదని నలుగురిలో చెప్పదు. నాకు బస్సు పడదంటుంది, అమ్మమ్మ గారింటికి వెళుతున్నామంటుంది, అసలు ఇష్టమే లేదంటుంది. అందుకే ఎంతమంది డబ్బు లేక ఆగిపోయారో ఏ బడి రిజిస్టరులోనూ కనపడదు. వెళ్లనివాళ్లని రెండు మూడు సెక్షన్ల నుంచి ఏరి ఒక గదిలో కూర్చోబెడతారు, ఆ నాలుగు రోజులూ కొత్త పాఠమేదీ మొదలుపెట్టరు. అటు టూరు ఫొటోలు మాత్రం పూట పూటకీ గ్రూపులో పడుతూనే ఉంటాయి.

ఇది మామూలు సరదా అయితే ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. సర్క్యులర్ మీద ఎడ్యుకేషనల్ టూర్ అని రాసేది బడివాళ్లే. 2020 జాతీయ విద్యా విధానం కూడా దేశంలో వంద పర్యాటక స్థలాలను గుర్తించి, అక్కడి చరిత్రనూ సంస్కృతినీ తెలుసుకోవడానికి విద్యార్థులను పంపాలంటుంది. ఆ మాటల్లో నిజం ఉంది. అమ్మ పక్కన లేకుండా మొదటిసారి పడుకోవడం, తన దుప్పటి తానే మడుచుకోవడం, క్లాసులో ఎప్పుడూ మాట్లాడని పిల్లతో ఒకే గదిలో ఉండాల్సి రావడం... ఇవి పుస్తకంలో దొరకవు. అలాంటప్పుడు ఆ చదువు ఎవరికి అందుతుందో ఇంటి ఆదాయం తేల్చడం ఏం న్యాయం? చదువు కాదు, వట్టి విహారమే అంటారా, అప్పుడు బడి రోజులు నాలుగు ఖర్చుపెట్టి, టీచర్లను వెంట పంపి, బడి పేరు మీద తీసుకెళ్లాల్సిన అవసరమేమిటో చెప్పాలి.

మా బడిలో పేద పిల్లలకు రాయితీ ఇస్తున్నామని కొందరు ప్రిన్సిపాళ్లు అంటారు. చెప్పాపెట్టకుండా ఒకరిద్దరు పిల్లల డబ్బు తమ జేబులోంచి కట్టే టీచర్లూ ఉన్నారు, వాళ్లకు దండం పెట్టొచ్చు. కానీ ధర ముందే తేల్చేసి తర్వాత ఇచ్చే రాయితీలో ఒక మెలిక ఉంది: అది కావాలంటే ఎవరో ఒకరు ఆఫీసు గదిలోకి వెళ్లి, మాకు లేదండీ అని నోరు తెరవాలి. ఫీజు బకాయి ఉన్న తండ్రి ఆ గది వైపే రాడు, ఇంక టూరు మాట ఎక్కడ? పైగా అందరి కన్నా పేదవాడికి దారి చూపించినా, వాడికి ఒక మెట్టు పైనున్నవాడు ఇరుక్కుపోతాడు. ఇంగ్లండ్ అనుభవం ఇదే చెబుతుంది. అక్కడి 1996 విద్యా చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులతో నడిచే బడులు బడి వేళల్లో జరిగే చదువుకు డబ్బు అడగకూడదు. బడి రోజుల్లో సాగే యాత్రలో రాత్రి బస ఉంటే భోజనానికీ బసకీ అయిన ఖర్చు అడగొచ్చు గానీ, కొన్ని నిర్ణీత ప్రభుత్వ సాయాలు పొందే కుటుంబాలకు అదీ మాఫీ. మిగతా ఖర్చుకు విరాళం కోరవచ్చు. ఇవ్వలేదని ఏ పిల్లవాడినీ ఆపకూడదు, విరాళాలు చాలకపోతే యాత్రే మానుకోవాలి. మన దగ్గర లేనంత స్పష్టత అది. అయినా సాయం గీతకు కొంచెం పైనున్న కుటుంబం బస ఖర్చు పూర్తిగా కట్టాల్సిందే. రాయితీ ఎంత ఉదారంగా ఇచ్చినా గీత గీయక తప్పదు, గీత అవతల ఎవరో ఒకరు మిగలకా తప్పదు.

కాబట్టి తిరగేయాల్సింది వరసనే. ఇప్పుడు ముందు ఊరు నిర్ణయిస్తున్నారు, తర్వాత టూర్ ఆపరేటర్ ధర చెబుతాడు, ఆ తర్వాత ఎవరు కట్టగలరో చూస్తున్నారు. అలా కాకుండా, క్లాసులో అందరికన్నా తక్కువ కట్టగలిగిన ఇల్లు ఎంత ఇవ్వగలదో ముందు తేల్చుకుని, ఆ డబ్బుకి ఎక్కడికి వెళ్లగలమో చూడాలి. నెలకు నూట యాభై చొప్పున పది నెలలు కడితే పదిహేను వందలు. జపాన్ బడుల్లో విద్యాయాత్ర దాదాపు క్లాసంతా కలిసి వెళ్లేది. దానికోసం చాలా బడులు ముందు నుంచే నెలనెలా కొంత జమ కట్టించుకుంటాయి, కట్టలేని కుటుంబాలకు స్థానిక సంస్థలు సాయం చేస్తాయి.

పదిహేను వందలకి ఊటీ రాదు, నిజమే. రెండు రాత్రుల రామప్ప వస్తుంది. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన గుడి మన ములుగు జిల్లాలోనే ఉండగా, దాన్ని చూడకుండానే పదో తరగతి దాటేసే పిల్లలు హైదరాబాద్‌లో ఎందరో. కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రం, లేపాక్షి, బెలూం గుహలు, మగ్గాల చప్పుడు మధ్య పోచంపల్లి. ఏ జిల్లా బడికైనా ఒక్క రోజు ప్రయాణంలో ఇలాంటిది ఒకటి ఉంటుంది. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. రైల్వే విద్యా యాత్రలకు రెండో తరగతిలో, స్లీపరులో సగం ఛార్జీ తగ్గిస్తుంది. పల్లెల్లోని ప్రభుత్వ బడులకైతే ఏడాదికోసారి రెండో తరగతిలో 75 శాతం. ఈ రాయితీ అడిగి వాడుకునే హెడ్మాస్టర్లు ఎందరు? రెండు రాష్ట్రాల్లోనూ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లల ప్రయాణం ఉచితమే, సగం క్లాసు బస్సు ఖర్చు అక్కడే పోయింది. ఇక బసకి హోటలు ఎందుకు? సెలవుల్లో ఖాళీగా ఉండే హాస్టళ్లు, గురుకులాల భవనాలు నామమాత్రపు అద్దెకు ఇచ్చేలా రెండు ప్రభుత్వాలూ ఒక ఉత్తర్వు ఇస్తే సగం లెక్క తేలిపోతుంది. ఇంకొకటి కూడా ఉంది, బయటికి చెప్పనిది. చాలా ప్యాకేజీల్లో ఇంతమంది పిల్లలకు ఒక టీచరు ఉచితం అంటారు; ఆ ఉచితం పిల్లల తలసరి లెక్కలో కలిసే ఉంటుంది. టీచర్ల ఖర్చు బడి భరించాలి, అది ఉద్యోగంలో భాగం.

కట్టగలిగినవాళ్ల పిల్లలు ఢిల్లీ ఎందుకు పోగొట్టుకోవాలి? ఇది గట్టి ప్రశ్నే. ఢిల్లీ చూపించగల తల్లిదండ్రులు వేసవిలో చూపించగలరు. బడి మాత్రమే ఇవ్వగలిగింది క్లాసంతా కలిసి వెళ్లడం, అది రామప్పలోనూ దొరుకుతుంది. పేద పిల్లల భారం మా మీద రుద్దుతారా అని మధ్యతరగతి తల్లిదండ్రులు అంటే, వాళ్ల మాటా కొట్టిపారేయలేం. కానీ ఈ పద్ధతిలో ఎవరి బిల్లూ పెరగదు, అందరిదీ తగ్గుతుంది. ఇన్ని షరతులు పెడితే బడులు టూర్లే మానేస్తాయన్న భయం కూడా ఉంది. ఖరీదైనవి కొన్ని మానేస్తాయి, దానికి నేను విచారించను. చౌక అంటే భద్రతలో కోత అని అనుకునేవాళ్లకు మాత్రం ఒక మాట. 2014 జూన్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయింది చౌక టూరు వల్ల కాదు. ఎగువన డ్యాం నీళ్లు హఠాత్తుగా వదిలితే, దాని గురించి చెప్పేవాళ్లెవరూ లేనిచోట పిల్లలు ఏట్లో ఉండటం వల్ల. తెలిసిన చోటికి, దగ్గరి చోటికి వెళ్లడం అలాంటి ప్రమాదాన్ని తగ్గించేదే.

ప్రభుత్వ బడుల సంగతి వేరు. అక్కడ ఖర్చు సర్కారుదే కావాలి, కాగలదు కూడా. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఎక్కిన ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి గుట్ట మీద శిక్షణ నుంచి శిఖరం దాకా ఖర్చు వాళ్ల ఇళ్ల మీద పడలేదు. దాన్ని చూసి అందరం మురిసిపోయాం, మురిసిపోవాల్సిందే. ఆ తర్వాత కూడా మన ప్రభుత్వాలు యాత్ర అంటే టాపర్లకిచ్చే బహుమతి అన్న చూపు వదల్లేదు. మార్కులు తక్కువొచ్చిన పిల్లకి కూడా రెండు రాత్రులు ఊరు దాటే హక్కు ఉండాలి.

ప్రైవేటు బడుల విషయంలో కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం, ప్రకటించిన ఫీజు కాకుండా బడి తీసుకునే ఏ విరాళమైనా, చెల్లింపైనా క్యాపిటేషన్ ఫీజు నిర్వచనం కిందికే వస్తుంది. అదే చట్టం కింద ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు కేటాయించిన 25 శాతం సీట్లలో చేరినవాళ్ల పట్ల పాఠ్యేతర కార్యక్రమాల్లో వివక్ష చూపకూడదని కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నిబంధనలు అంటున్నాయి. ఈ రెండింటినీ కలిపి చదివి, టూరు ఖర్చును జూన్‌లో ప్రకటించే వార్షిక ఫీజులోనే చూపాలనీ, మధ్యలో విడిగా వసూలు చేయకూడదనీ విద్యాశాఖ ఒక మెమో ఇస్తే చాలు. ఆ అంకె చూసి తల్లిదండ్రులు ఏ బడిలో చేర్చాలో తేల్చుకుంటారు. అడ్మిషన్లు తగ్గుతాయన్న భయంతో యాజమాన్యాలు కూడా ఊటీ గురించి రెండోసారి ఆలోచిస్తాయి.