మన పాటకూ పాస్‌పోర్టు కావాలి

పాడటం రాని విద్యార్థి ఉండవచ్చు గాని, పాట లేని వసతి గృహం ఉండదు. మన రోజు ప్రార్థనతో మొదలవుతుంది. అంబేద్కర్ జయంతికైనా, వీడ్కోలు సభకైనా, కరెంటు పోయిన రాత్రికైనా మనకు తోడు పాటే. అయినా "అంతర్జాతీయ బృందగాన ఉత్సవం" అన్న మాట వినగానే అది కాన్వెంటు పిల్లల సంగతి, మనకెందుకు అని ఊరుకుంటాం. ఈ అభిప్రాయం మారాలని వార్షికోత్సవ సంచిక ద్వారా మేము మనవి చేస్తున్నాము.

ఇలాంటి ఉత్సవాల్లో పెద్దది వరల్డ్ క్వయర్ గేమ్స్. 2000లో ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో మొదలైంది. సాధారణంగా రెండేళ్లకోసారి ఒక్కో దేశంలో జరుగుతుంది. 2014లో లాత్వియా రాజధాని రీగాకు 73 దేశాల నుంచి సుమారు 27 వేల మంది గాయకులు వచ్చారు. 2010లో చైనాలోని షావోషింగ్‌లో మన దేశానికి చెందిన షిల్లాంగ్ ఛాంబర్ క్వయర్ మూడు స్వర్ణ పతకాలు గెలిచింది. ముఖ్యమైన విషయం ఏమిటంటే, అక్కడ జానపద గీతాలకు ప్రత్యేక విభాగం ఉంది. అంటే మన భాషలో, మన పాటనే పాడవచ్చు.

"మన పల్లెపాటలు అక్కడెవరు వింటారు?" అనే మిత్రులు ఫిస్క్ జూబిలీ సింగర్స్ కథ తెలుసుకోవాలి. అమెరికాలో బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివారి చదువు కోసం 1866లో నాష్‌విల్‌లో ఫిస్క్ విద్యాలయం ఏర్పడింది. కొద్ది కాలానికే అది అప్పుల్లో కూరుకుపోయింది. దాన్ని నిలబెట్టడానికి 1871 అక్టోబరులో తొమ్మిది మంది విద్యార్థులు పాడుతూ ఊరూరా బయలుదేరారు. మొదట్లో వాళ్లు ఎక్కువగా తెల్లవారికి పరిచయమైన పాటలే పాడేవారు. తమ తల్లిదండ్రులు బానిసలుగా పాడుకున్న పాటలను నలుగురి ముందు పాడటానికి సంకోచించారు. చివరికి ఆ పాటలే జనాన్ని కదిలించాయి. 1873లో ఇంగ్లండులో విక్టోరియా రాణి ఎదుట పాడారు. వాళ్లు సంపాదించి పంపిన డబ్బుతో కట్టిన జూబిలీ హాల్ నేటికీ నిలిచి ఉంది. సిగ్గుపడిన పాటే బడిని కాపాడింది! మనం నేర్చుకోవలసిన పాఠం ఇదే.

మనకు పాటల కొరత లేదు. నాట్ల పాట, బతుకమ్మ పాట, కోలాటం, ఒగ్గు కథ – అన్నింటిలోనూ ఒకరు అందుకుంటే పదిమంది వంత పాడతారు. 2009లో మనకు దగ్గర్లోని సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో లక్షకు పైగా గొంతులు కలిసి అన్నమయ్య కీర్తనలు పాడాయి. అయితే అందరూ ఒకే వరుస పాడటం వేరు, క్వయర్ వేరు. క్వయర్‌లో సాధారణంగా స్త్రీల గొంతులు రెండు, పురుషుల గొంతులు రెండు ఉంటాయి. నాలుగూ నాలుగు వరుసల్లో సాగుతూ ఒకే పాటగా వినిపించాలి. పక్కవాడి వరుసలోకి జారిపోకుండా, అతడి గొంతును మింగేయకుండా పాడటానికి శిక్షణ కావాలి. అది మనవారికి అసాధ్యమేమీ కాదు. చిత్తూరులో 1925లో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ క్వయర్‌ను స్థాపించి, పలు భారతీయ భాషల పాటలను ఇలాగే పాడించారు.

నిజానికి ఈ సాధనకు హాస్టల్ కంటే అనువైన చోటు లేదు. బయట నలభై మందిని రోజూ ఒక చోట చేర్చడమే కష్టం. మనం ఒకే మెస్సులో తిని, ఒకే కప్పు కింద పడుకుంటాం.

"మెస్ ఛార్జీలే చాలడం లేదు, విదేశాల్లో పాటలా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇలాంటి పోటీలకు ప్రయాణం, బస, ప్రవేశ రుసుము సాధారణంగా బృందమే భరించాలి. పిల్లల కంచంలోంచి ఒక్క రూపాయి కూడా దీనికి తీయకూడదన్నదే మా అభిప్రాయం. కానీ 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్లు. పేద పిల్లలకు పర్వతారోహణ ఎందుకని అప్పుడే ఆగిపోయి ఉంటే ఆ రోజు వచ్చేదా? కొండ ఎక్కించగలిగిన సంక్షేమ వ్యవస్థ వేదిక ఎక్కించలేదా?

కనుక మేము కోరేవి మూడు. ఒకటి, ప్రతి హాస్టల్‌లో స్టడీ అవర్‌కు ముందు అరగంట పాట సాధన, నాలుగైదు హాస్టళ్లకు కలిపి ఒక సంగీత ఉపాధ్యాయుడు. రెండు, మొదట నగర స్థాయిలో, ఆపై రాష్ట్ర స్థాయిలో హాస్టళ్ల బృందగాన పోటీలు. మూడు, అక్కడ నెగ్గిన బృందానికి విదేశీ ప్రయాణం కోసం ప్రత్యేక నిధి. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు, మా అన్నలు, అక్కలు మరో సాయం చేయాలి. టీసీలో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కాగితాలు సరిచేయించి పాస్‌పోర్టు ఇప్పించాలి. పాట సిద్ధమయ్యాక కాగితం దగ్గర ఆగిపోకూడదు.

మనం ఉంటున్న ఏఎస్ రావు నగర్ పేరులోనే ఒక స్ఫూర్తి ఉంది. 1967లో ఈసీఐఎల్‌ను తీర్చిదిద్దిన డాక్టర్ ఎ.ఎస్. రావు, ఎలక్ట్రానిక్స్ మనవాళ్లే తయారు చేయగలరని నమ్మారు. మన పాటను మనమే ప్రపంచానికి వినిపించగలమని మనమూ నమ్ముదాం. ఈ సాయంత్రమే గొంతు కలుపుదాం!